బంటు - పాన్

గుంటూరున జన్మించిన ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టరు అయ్యెను. మా ప్రత్తిచేల, మిరపచేల సీమలో నేడు పిల్లలనేకులు చదరంగమును ఇంగ్లీషు మాటలతోనే నేర్చుచున్నారు. మేమందుకు చింతింపము. రాజునకు అపాయము తెలుపు ‘చెక్’ అను మాటయే పారసీకపు ‘షా’ నుండి వచ్చినది. అది ఇంగ్లీషువారికిని ఎరువుసొమ్మే.

మా చింత ‘పాన్’ను గూర్చి. ఆటలో అది బంటు. కడపటి గడి చేరిన మంత్రియు కాగలదు. ఇంగ్లీషు నుడికారమునందో, పరులు వాడుకొని పారవేయు అల్పుడు! తెలుగున బంటనుట నింద కాదు. హనుమంతుని రామబంటని కొలుచుచున్నాము. అట్లని మనము కూలివారిని మన్నించితిమని కాదు. అసలే చిన్నచూపున పెరిగిన పిల్లవాడు ఈ నుడికారమును గూడ నేర్చి, మండుటెండలో మిరపకాయలు కోయు తల్లిని ఏ కన్నుతో చూచును?