దేవుడు మంచివాడేనా? – ఒక వర్తకుని ప్రశ్న

ఈ వార్షిక సంచికకు ఏదైన వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు కోరినపుడు మొదట వ్యాపారమును గూర్చియే వ్రాయుదుననుకొన్నాను. కాని 2021వ సంవత్సరము నుండి నన్ను వదలని ప్రశ్న ఒకటి ఉన్నది. దానినే మీ ముందుంచుచున్నాను. నేను పండితుడను కాను. ఎస్.ఎస్.ఎల్.సి. ముగించి తండ్రిగారి దుకాణములో కూర్చున్నవాడను. బెళ్ళందూరులో ఇనుప సామానుల వ్యాపారము చేసికొనుచున్నాను. తప్పులున్నచో పెద్దలు మన్నింతురు గాక.

మా దుకాణమున లెక్కలు వ్రాయు పెద్దమనిషి ఒంగోలు ప్రాంతమువాడు, క్రైస్తవుడు. ఏండ్ల తరబడి మావద్ద ఉన్నాడు. పైసా తేడా రానీయడు. 2021 మే నెలలో కరోనా రెండవ తాకిడిలో ఆయన ఒక్కగానొక్క కుమార్తె చనిపోయినది. పరామర్శకు పోయి, ఏమనవలెనో తోచక, “మీ దేవుడు అంత మంచివాడైతే ఇలా ఎందుకు చేశాడండీ? ఏమోలెండి, అంతా పూర్వకర్మ” అన్నాను. ఆయన నా ముఖము ఒకసారి చూచి తల దించుకొన్నాడు. ఓదార్చినాననుకొని ఇంటికి వచ్చినాను.

నేనడిగిన ప్రశ్న తప్పా? ప్రశ్న తప్పు కాదని ఇప్పటికిని నా అభిప్రాయము. దేవుడు సర్వశక్తిమంతుడు, సర్వజ్ఞుడు, ప్రేమస్వరూపుడు అని క్రైస్తవులు నమ్ముదురు. ఈ మూడును నిజమైనచో నిర్దోషులకు బాధ ఎట్లు వచ్చినది? ఆపలేడన్నచో శక్తి తగ్గును. ఎరుగడన్నచో జ్ఞానము తగ్గును. ఎరిగియు, ఆపగలిగియు ఆపలేదన్నచో ప్రేమ తగ్గును. మూడు పద్దులను కూడిన మొత్తము సరిపోవుట లేదు. మన ఆచార్యులు దీనిని ఏనాడో అడిగినారు. తొమ్మిదవ శతాబ్దమున, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, ఈ కన్నడదేశముననే జినసేనాచార్యులు ఆదిపురాణములో సృష్టికర్త వాదమును ఖండించినారు. దయచేతనే లోకమును చేసియున్నచో దానిని సుఖమయముగా ఏల చేయలేదన్నది వారి వాదములలో ఒకటి.

క్రైస్తవులు ఈ ప్రశ్నను ఎరుగరనుకొనుట పొరపాటు. 1755 నవంబరు 1వ తేదీన, సకల పరిశుద్ధుల పండుగనాడు, జనులు చర్చిలలో ప్రార్థించుచుండగా పోర్చుగల్ దేశపు లిస్బన్ నగరము భూకంపమున కూలినది. వేలకొలది జనులు చనిపోయినారు. ఉండదగిన లోకములలో ఇదియే మేలైనదని 1710లో వాదించిన లైబ్నిజ్ పండితుని మాటను అటుపిమ్మట వోల్టేర్ గేలిచేసినాడు.

దేవుడు మనుష్యునకు స్వేచ్ఛ ఇచ్చినాడు, కీడు మనుష్యుని దుర్వినియోగము వలన వచ్చినదే అని వారిలో పలువురు చెప్పు సమాధానము. ఇందులో కొంత నిజమున్నది. మా బెళ్ళందూరు చెరువునే చూడుడు. 2015లోను, 2017లోను, 2018లోను అందు మంటలు లేచినవి. నీటిమీద నిప్పు! అది దేవుడు పెట్టినది కాదు. శుద్ధిచేయని మురుగును, చెత్తను చెరువులోనికి వదలిన మనము పెట్టినది. కాని 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన ఎవరి దుర్వినియోగము? సుమారు 10,000 మంది ప్రాణములు పోయినవి. లెక్కలేనన్ని పశువులు కొట్టుకొనిపోయినవి. తల్లి చంకలోని బిడ్డ ఏ స్వేచ్ఛను దుర్వినియోగము చేసినది?

పశువుల మాట వచ్చినది గనుక ఇంకొకటి. నోవహు కాలపు జలప్రళయము కథలో మనుష్యుల పాపమునకు ఓడ వెలుపల నున్న జంతువులన్నియు మునిగిపోయినవి. పెండ్లివిందుకై కట్టివేసిన జంతువుల అరపు విని నేమినాథ భగవానుడు పెండ్లినే విడిచి వెడలినాడని చిన్ననాటనే విన్న మనకు ఆ కథ మింగుడుపడదు.

ఇంతవరకు వాదములో మనదే పైచేయి అనిపించును. నాకును అట్లే అనిపించినది. ఆ సంవత్సరము సంవత్సరి నాడు అందరితో పాటు మా గుమాస్తాగారిని గూడ క్షమాపణ అడిగినాను. అప్పుడాయన నెమ్మదిగా అన్నాడు: “సేఠ్‌గారూ, మీరడిగిన ప్రశ్న నేను రోజూ రాత్రి ఆయన్నే అడుగుతున్నాను. యోబు అడగలేదా? దానికి నేను బాధపడలేదు. కాని కర్మ అన్నారు చూడండి, అది మాత్రం గుచ్చుకుంది. నా పిల్ల ఏం చేసిందండీ?”

నావద్ద జవాబు లేదు. యోబు ఎవరో తెలిసికొనవలెనని తెలుగు బైబిలు తీసి ఆ గ్రంథమును చదివినాను. యోబు నీతిమంతుడు. సాతాను పరీక్షింపగోరగా దేవుడు అనుమతించినాడు. సంపద పోయినది, పదిమంది బిడ్డలు చనిపోయినారు. యోబు దేవునినే నిలదీసినాడు. చివరకు దేవుడు మాట్లాడినాడు గాని కారణము చెప్పలేదు. మరల పదిమంది బిడ్డలను ఇచ్చినాడు. వర్తకునిగా చెప్పుచున్నాను, పోయిన సరకునకు బదులు సరకు ఇచ్చిన లెక్క తీరును. బిడ్డకు బదులు బిడ్డను ఇచ్చిన ఏ తండ్రి లెక్కయు తీరదు. ఇందు దేవుని మంచితనము నాకు రుజువు కాలేదు.

కాని ఆ గ్రంథములో నన్ను పట్టుకొన్నది వేరొకటి. యోబు స్నేహితులు పరామర్శకు వచ్చి మొదట ఏడు దినములు మౌనముగా నేలపై కూర్చున్నారు. పిమ్మట నోరు విప్పి, నీవేదో పాపము చేసియుందువు, ఇది దాని ఫలము అన్నారు. దేవుడు చివరకు కోపించినది నిలదీసిన యోబుమీద కాదు, ఈ స్నేహితులమీద. ఆ పుట చదివి పుస్తకము మూసినాను. ఆ స్నేహితులలో నేనును ఒకడను.

మన సిద్ధాంతము ప్రకారము కర్మకు న్యాయాధిపతి లేడు. మిరపకాయ కొరికిన నోరు మండును. అందు మిరపకాయ దయ, నిర్దయ లేవు. కావున మనకు సృష్టికర్తను నిందింపవలసిన చిక్కు లేదు. ఇది మన మతమునకు గల బలము. కాని ఎవరికి ఏ జన్మలోని ఏ కర్మ ఇప్పుడు ఉదయించినదో కేవలజ్ఞానికే తెలియును. దుకాణదారునకు తెలియదు. “ఇది దేవుని సంకల్పము” అని చెప్పు క్రైస్తవుడును, “ఇది నీ కర్మ” అని చెప్పు జైనుడును, తాము ఎన్నడును చూడని ఖాతాపుస్తకమును ఇతరులకు చదివి వినిపించుచున్నారు. కర్మసిద్ధాంతము నా తప్పులను నేను దిద్దుకొనుటకు ఇచ్చిన అద్దము. ఎదుటివాని గాయము మీద పెట్టుటకు ఇచ్చిన ఉప్పు కాదు.

మా గుమాస్తాగారి సీమలోనే జరిగిన చరిత్ర ఒకటున్నది. 1876–78 నాటి మహాకరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్, బకింగ్‌హామ్ కాలువ త్రవ్వు పనిలో ఒక భాగమును కాంట్రాక్టుగా తీసికొని వేలమందికి కూలి కల్పించినాడు. తిండికొరకు మతములో చేరువారు ఉండరాదని ఆ కాలమున బాప్తిస్మములను నిలిపివేసినాడు. తరువాత 1878 జూలై 3న ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందినారు. కరువును ఆపని దేవుని వారేల నమ్మినారు? ఆ ప్రశ్నకు ఆయన తర్కముతో జవాబు చెప్పియుండవచ్చును, చెప్పకపోయియుండవచ్చును. పని చూపినాడు, కూలి ఇచ్చినాడు. దేవుని మంచితనమును వారు మొదట ఒక మనుష్యుని చేతిలో చూచియుందురని నా ఊహ.

మనకు భారము వేయుటకు సృష్టికర్త లేడు. అట్టి దేవుడున్నాడని నమ్మువాడు లోపమును ఆయన పద్దున వ్రాయగలడు. మనకు ఆ సౌకర్యము లేదు. పక్కవాని దుఃఖమును చూచి ఊరకున్నచో ఆ బాకీ నేరుగా మన ఖాతాలోనే పడును. జీవులు ఒకరికొకరు ఉపకరించుకొనవలెనను ఉమాస్వాతి ఆచార్యుల బోధను మనము చిహ్నముక్రింద అచ్చువేసికొనుచున్నాము. పరామర్శకు పోయినపుడు మరచుచున్నాము.

దేవుడు మంచివాడేనా అను ప్రశ్నకు నేనింకను అవుననలేను. కాని ఆ ప్రశ్నను చావు జరిగిన ఇంటి గుమ్మములో అడుగుట మానినాను. ఇప్పుడు అట్టి ఇంటికి పోయిన, పొయ్యి వెలిగినదా, పిల్లలు తిన్నారా అని మొదట అడుగుచున్నాను. తక్కిన సమయము ఊరక కూర్చుందును.

నా మాటలవలన ఏ మతమువారి మనస్సైనను నొచ్చినచో క్షమింపవేడుచున్నాను. మిచ్ఛామి దుక్కడం.