వినే భాష, పలికే భాష

ఆకాశం నుంచి దిగే మాటను సరిహద్దు రాయి ఆపలేదు. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం తాలూకాల తెలుగువాళ్ళకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. 1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది గాని, స్తంభం నుంచి వచ్చే ప్రసారం కొన్ని పదుల మైళ్ళు దాటి పోదు. 1995లో ఈటీవీ, జెమిని ఉపగ్రహం ద్వారా మొదలయ్యాక మన నట్టింట్లోకి తెలుగు వచ్చింది. బడిలో కన్నడం చదివే పిల్లలు ఇంటి భాషను వార్తల్లోనూ విన్నారు. అది చిన్న మేలేమీ కాదు.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. మన భాష మన చెవిన పడితే చాలునా? మన నోటి మాట కూడా నలుగురికీ చేరాలా? మొదటిది వ్యాపారం వల్లనైనా దొరుకుతుంది. రెండోది న్యాయానికి సంబంధించిన విషయం.

ఈ ప్రశ్నను మనకంటె ముందే అడిగిన ఊరొకటి ఉంది. ఉత్తర కెనడాలో, మంచు సముద్రపు దీవి మీద ఉన్న ఇగ్లూలిక్. అక్కడివాళ్ళు ఇనూయిట్లు, వాళ్ళ భాష ఇనుక్టిటుట్. 1972లో కెనడా అనిక్ ఉపగ్రహాన్ని పంపాక దక్షిణాది నగరాల టెలివిజన్ ఆ మంచు పల్లెలకు చేరసాగింది. ఇగ్లూలిక్ ప్రజలు 1975లో ఒకసారి, 1979లో మరోసారి ఓటు వేసి దాన్ని వద్దన్నారు. అందులో తమ భాష లేదన్నదే వాళ్ళ అభ్యంతరం. 1981లో ఇనూయిట్ ప్రసార సంస్థ ఏర్పడి, తమవాళ్ళే తమ భాషలో కార్యక్రమాలు తయారుచేసే దారి తెరుచుకున్న తరువాతే ఒప్పుకున్నారు. ఆ ఊరివాడే జకారియాస్ కునుక్, పేరున్న సినిమా దర్శకుడు. 2012లో మేరీ నది ఇనుప గనిపై బహిరంగ విచారణ జరిగినప్పుడు, ఆయన బృందం దాన్ని జనానికి ప్రత్యక్షంగా అందించింది. 2021లో పూర్తిగా ఇనుక్టిటుట్‌లోనే నడిచే ఉవగుట్ టీవీ కూడా వచ్చింది.

ప్రసారాల ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఇగ్లూలిక్ నుంచి చూస్తే అది దిగంతానికి దగ్గరగా వాలి ఉంటుంది, చిన్న గుట్ట అయినా అడ్డు రావచ్చు. మనకు దాదాపు నడినెత్తిన ఉంటుంది. బాగేపల్లి వీధిలో వ్యాను నిలిపి గొడుగు తిప్పడం అక్కడికంటె ఎంతో సులువు. అయినా ముందు పలికినవాళ్ళు వాళ్ళు. అడ్డం కొండది కాదన్నమాట.

లైవ్ వ్యాను మన పల్లెకు ఎప్పుడు వస్తుంది? ఎన్నిక వచ్చినప్పుడు, నాయకుడు వచ్చినప్పుడు, ప్రమాదం జరిగినప్పుడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు మైకు పెడతారు. ఆమె ఏడుపు తెలుగు, అడిగేవాడి ప్రశ్న కన్నడం. మాట పైకి వెళ్ళి కిందికి దిగడానికి పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో ఆమె ఏ మాటనూ వెనక్కి తీసుకోలేదు. రికార్డు చేసినదైతే 'ఇది తీసెయ్ నాయనా' అని అడగవచ్చు. లైవ్‌లో ఆ వీలు లేదు. కాబట్టి ముందుగా అడగవలసిన బాధ్యత కెమెరా పట్టినవాడిది. ఆమెకు తెలిసిన భాషలో అడగాలి, కాదంటే తిరిగి పోవాలి.

ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోను ఉంది, ఎవరైనా లైవ్ పెట్టవచ్చు, ఇక ఈ చర్చ దేనికి అని కొందరంటారు. పలికే సాధనం చేతికి వచ్చిన మాట నిజమే. దానితోపాటు ఆ బాధ్యత కూడా మన చేతికే వచ్చింది. పొరుగింటి దుఃఖం మీదికి ఫోను తిప్పేవాడు తెలుగువాడైనంత మాత్రాన ఆ పని న్యాయమైపోదు.

కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పాడారు. ఆ పాటలు భజన గుంపుల నోటివెంట ఊరూరా తిరిగాయి. పాడేవాడి ఎదుటే వినేవాడు ఉండేవాడు, నచ్చకపోతే లేచి వెళ్ళేవాడు. ఉపగ్రహం ఆ ఎదురెదురుతనాన్ని తీసేసింది. దాన్ని తిరిగి తెచ్చుకోవడం యంత్రం వల్ల కాదు, మర్యాద వల్లే అవుతుంది.

ఇగ్లూలిక్ వాళ్ళు రెండుసార్లు వద్దనగలిగారు గనకనే, తరువాత ఔనన్న మాటకు విలువ వచ్చింది. రేపు మన గ్రామసభనో, జాతరనో ఎవరైనా ప్రత్యక్షంగా చూపిస్తామంటే సంతోషించే ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఏ భాషలో అడుగుతారు? ఎవరి మాట వినిపిస్తారు? వద్దన్నవాళ్ళను వదిలిపెడతారా?