చంద్రునికో నూలుపోగు: కానుకా, కప్పమా?

విదియనాటి నెలవంక కనిపించగానే కట్టుకున్న బట్ట అంచునుంచి ఒక పోగు తీసి ఆకాశంవైపు చూపి విడిచే ఆచారం తెలుగునాట ఎందరో పెద్దల జ్ఞాపకంలో ఉంది. చంద్రునికో నూలుపోగు అన్న నానుడి దానినుంచే వచ్చింది. చంద్రునికి నూలుపోగుతో పని లేదు, కావాలని అడగనూ లేదు. ఇచ్చేవానికి దానివల్ల కలిగే లోటూ లేదు, వచ్చే పేరూ లేదు. అయినా ఇస్తాడు. ఎవరూ అడగకుండా, ఎవరికీ అవసరం లేకుండా, అందరికీ చెందిన దానికి సమర్పించే ఈ పోగు దానమా, వినోదమా, ఋణవిమోచనమా అన్న ప్రశ్న పైకి తేలికగా కనిపిస్తుంది. అది నూలుతో ముడిపడిన మరికొన్ని ప్రశ్నలకు దారితీస్తుంది.

2005లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో మాగ్దా సేయెగ్ అనే మహిళ తన దుకాణం తలుపు పిడికి ఒక చిన్న అల్లిక తొడుగు తొడిగింది. దారినపోయేవారు ఆగి చూశారు, మురిశారు. ఆమె తరువాత రోడ్డు పక్కనున్న సూచిక స్తంభానికి కూడా అటువంటి తొడుగే వేసింది. కొద్ది సంవత్సరాలలో ఈ అలవాటు ఖండాలు దాటింది. పాశ్చాత్య దేశాలలో పౌర గ్రంథాలయాల ప్రాంగణాలు దీనికి ప్రత్యేకంగా నెలవయ్యాయి. చెట్ల మొదళ్ళు, మెట్ల కమ్మీలు, ఆరుబయటి బల్లలు రంగురంగుల ఉన్ని తొడుక్కున్నాయి. గ్రంథాలయాన్నే ఎన్నుకోవడంలో ఔచిత్యం ఉంది. ఏమీ కొనకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా పౌరుడు రోజంతా కూర్చోగలిగిన చోట్లు నగరాలలో బహు కొద్ది. అటువంటి చోటికి ఎవరో ఒకరు ఇంటినుంచి వెచ్చదనం తెచ్చి చుట్టినట్టుగా ఆ అల్లిక కనిపిస్తుంది. కొన్నాళ్ళకు వానకు తడిసి, ఎండకు వెలిసి, నూలు సాగి వేలాడుతుంది. దానిని విప్పి పారవేసే పని సాధారణంగా అల్లినవారిది కాదు, ఊడ్చేవారిది. ఈ కళను మెచ్చుకునే వ్యాసాలలో ఆ సంగతి అరుదుగా ప్రస్తావనకు వస్తుంది.

ఆంగ్లంలో ఈ కళకు స్థిరపడిన పేరు యార్న్ బాంబింగ్. గోడలమీద రాత్రివేళ రంగులు చిమ్మే చిత్రకారుల పరిభాషలో బాంబు వేయడమంటే ఒక చోటినంతా బొమ్మలతో ముంచివేయడం. మెత్తని ఉన్నికి ఆ కఠినమైన మాట తగిలించడం పేరు పెట్టినవారికి చమత్కారం. బస్తర్ రోడ్లమీద నడిచినవారికి ఆ మాట చమత్కారంగా వినిపించదు. హ్యూస్టన్‌లో తలుపు పిడికి తొడుగు అల్లిన ఆ 2005 సంవత్సరంలోనే బస్తర్‌లో సల్వా జుడుం మొదలైంది. గ్రామాలు ఖాళీ అయ్యాయి. వేలాదిమంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవులలో తలదాచుకున్నారు. కొన్ని పాఠశాల భవనాలు పేలుళ్ళకు కూలిపోయాయి, కొన్నింటిలో సాయుధ బలగాలు విడిది చేశాయి. బడులు ఖాళీచేయవలసిందిగా 2011లో సుప్రీంకోర్టు ఆదేశించవలసివచ్చింది. సార్వజనీనమైన కట్టడం ఎవరిది అన్న ప్రశ్న ఆ ప్రాంతంలో అలంకార శాస్త్రానికి సంబంధించినది కాదు. అది ప్రాణానికి సంబంధించినది.

అందువల్లనే, అందరిదైన స్థలంలో ఏదైనా ఉంచడానికి ఎవరి అనుమతి కావాలి అన్న విషయంలో బస్తర్ ఆచారాన్ని పరిశీలించడం ఉపయోగకరం. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు దండకారణ్యం చేరి రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశ చరిత్ర చెబుతుంది. ఆ వంశపు ఇలవేల్పు దంతేశ్వరి. జగదల్‌పూర్‌లో జరిగే బస్తర్ దసరా ఆమె పండుగ. అందులో రాముడూ లేడు, రావణదహనమూ లేదు. తెలుగు పంచాంగం ప్రకారం ఆషాఢ బహుళ అమావాస్యనాడు రథానికి కావలసిన కొయ్యను పూజించడంతో మొదలై సుమారు 75 రోజులు సాగుతుంది. ఇంత పెద్ద ఉత్సవంలో రథం కదలడానికి ముందు ఒక తంతు ఉంది. మహాలయ అమావాస్యనాటి సాయంకాలం రాజవంశీయుడు పరివారంతో ఊరేగింపుగా కాచిన్ దేవి గుడికి వెళతాడు. అక్కడ మిర్గాన్ కులానికి చెందిన ఒక చిన్న బాలికకు దేవి పూనుతుందని విశ్వాసం. ముళ్ళతో కట్టిన ఊయలపై పడుకున్న ఆ బాలికను రాజు పండుగ జరపడానికి అనుమతి అడుగుతాడు. ఆమె ఇస్తుంది. అప్పుడే దసరా.

మిర్గానులు నేతపనివారు. జగదల్‌పూర్‌కు అట్టే దూరం లేని ఒడిశాలోని కోట్‌పాడ్‌లో నేటికీ మగ్గంమీద ఉన్నవారు ఆ సమాజంవారే. తొగరు వేరునుంచి తీసిన రంగును ఆముదంతో, బూడిద నీటితో వారాల తరబడి నూలుకు పట్టించి, ముదురు ఎరుపు, గోధుమ వన్నెలలో పీత, చేప, గొడ్డలి బొమ్మలతో వారు నేసే ముతక బట్ట ఆదివాసుల పెళ్ళి పేరంటాలకు కట్టుబట్ట. సామాజికమైన మెట్లలో ఏనాడూ పైమెట్టున నిలవని ఆ నేతగాళ్ళ బిడ్డ ముందు రాజు చేయిచాపి నిలబడవలసిరావడం గొప్ప భావన. హ్యూస్టన్‌లో ఉన్ని తొడిగిన చేతులు ఎవరినీ అడగలేదు. అడగకపోవడమే ఆ కళకు ప్రాణమని దాని అభిమానులు వాదిస్తారు. బస్తర్‌లో రాజంతటివాడు అడుగుతాడు.

అయితే ఆ తంతును చూసి పొంగిపోవడానికి ముందు ముళ్ళ సంగతి ఆలోచించవలసి ఉంటుంది. అడుగుతున్నది రాజు, ముళ్ళమీద ఉన్నది బాలిక. ఆమె వద్దని అనగలదా? అనలేని పక్షంలో ఆ అనుమతి అనుమతేనా? దేవి పలికిందన్నప్పుడు పలికిన నోరు ఎవరిదన్న ప్రశ్న మరుగున పడుతుంది. ఆచారం తనలో దాచుకున్న న్యాయాన్నీ, ఆ న్యాయానికి చెల్లించిన మూల్యాన్నీ ఒకేసారి చూడలేని ప్రశంస సంపూర్ణం కాదు.

కానుకకూ కప్పానికీ తేడా ఎక్కడ ఉందో తెలియజేసేది ఈ ఉత్సవంలోనే మరొకటి ఉంది. అది రథానికి కట్టే తాడు. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ గ్రామాల వడ్రంగులు, కమ్మరులు రథం చేస్తారు. కరంజి మొదలైన గ్రామాలవారు సియాడీ తీగ నారతో బలమైన తాళ్ళు పేనుతారు. సియాడీ అంటే తెలుగువారు విస్తళ్ళు కుట్టే అడ్డాకు తీగే. గోదావరి ఏజెన్సీలో అడ్డతీగల అన్న ఊరిపేరులో ఆ తీగ నేటికీ నిలిచి ఉంది. ఏ గ్రామానికి ఏ పని అన్నది తరతరాలుగా నిర్ణయమై ఉంది. విజయదశమినాడు కదిలే ఎనిమిది చక్రాల పెద్దరథాన్ని లాగేది కిలేపాల్ ప్రాంతపు మాడియాలు. తాడు పేనినవారి పేరు ఎక్కడా చెక్కరు. ఏటా కొత్త తాడు పేనవలసిందే. వందలాది చేతులు కలిసి నారతో చేసి, వీధిలో నలుగురి కళ్ళెదుట నిలిపి, పండుగ కాగానే మరచిపోయే ఈ తాడు ముందు ఉన్ని తొడుగుల ఉద్యమం నిన్నటి శిశువు.

ఈ శ్రమను భక్తి అన్న ఒక్కమాటతో తేల్చివేయడం సులభం. కాని ఇదే నేలపై 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటు చెలరేగింది. నేతానార్ గ్రామానికి చెందిన గుండాధుర్ పేరు ఆనాటినుంచే ప్రజల నోట నిలిచింది. అడవులను రిజర్వు చేయడం ఒక కారణం, కూలి ఇవ్వకుండా చేయించుకునే వెట్టి మరొకటి. బజార్లు, ఠాణాలతోపాటు బడులు కూడా ఆ మంటలలో కాలిపోయాయి. బడిని తగలబెట్టినవారిని అక్షరద్వేషులని అనడం తొందరపాటు. తమ వెట్టితో లేచిన గోడలు తమవని వారికి అనిపించకపోవడంలో ఆశ్చర్యమేముంది? అదే చేతులు దసరా తాడును మాత్రం ఎందుకు పేనాయి? రెండూ రాజుకోసం చేసిన పనులే. రెండింటికీ కూలి లేదు.

సమాధానం పండుగ చివరి ఘట్టంలో దొరుకుతుంది. విజయదశమి రాత్రి మాడియాలు రథాన్ని అపహరించి నగరం అంచున ఉన్న కుమ్‌డాకోట్ వనానికి లాక్కుపోతారు. మరునాడు రాజు తానుగా అక్కడికి వెళ్ళి, వారితో కలిసి కొత్తబియ్యపు అన్నం తిని, వారిని ప్రసన్నులను చేసుకున్న తరువాతనే రథం తిరిగివస్తుంది. దొంగతనం ఆచారబద్ధమైనదే కావచ్చు, రథం తప్పక తిరిగివస్తుందని అందరికీ తెలిసే ఉండవచ్చు. అయినా ఇచ్చినది తిరిగి తీసుకోగల అధికారం ఇచ్చినవారికి ఉందని ఆ ఒక్క రాత్రి ఊరంతటికీ ప్రకటితమవుతుంది. వెట్టిలో అటువంటి రాత్రి లేదు. ఇవ్వకుండా ఉండగలిగినవాడు ఇచ్చినదే కానుక. ఆ వీలు లేనివాడు ఇచ్చినది, ఎంత పూలమాల వేసినా, కప్పమే. ముళ్ళ ఊయలమీది బాలిక విషయంలో కలిగిన సంశయానికి మూలం కూడా ఇక్కడే ఉంది. మాడియాలకు ఉన్న ఆ రాత్రి ఆమెకు లేదు.

ఈ గీటురాయిని అల్లికకు వర్తింపజేస్తే బస్తర్ సరిహద్దుకు ఈవలి గోదావరి తీరానికి రావలసి ఉంటుంది. భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెంలో క్రైస్తవ మిషనరీలు పంతొమ్మిదవ శతాబ్దంలో లేసు అల్లిక నేర్పారు. దిగువన, నదీముఖంలో, నరసాపురం ప్రాంతపు స్త్రీల చేతులలో అది పెద్ద పరిశ్రమ అయింది. కొక్కెపు సూది, నూలు బంతి, ఇంటి అరుగు, అంతే పెట్టుబడి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ అల్లికదారుల జీవితంపై చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వెలువడింది. రోజులో అనేక గంటలు సూది ఆడించి విదేశీ విపణికి సరుకు తయారుచేస్తున్న ఆ స్త్రీలను వ్యాపారులు శ్రామికులుగా గుర్తించలేదని, గృహిణులు తీరిక వేళల చేసుకునే పనిగా దానిని పరిగణించారని, ఆ పేరు చాటున ప్రతిఫలం అతి స్వల్పంగా ఉండిపోయిందని ఆమె నిరూపించింది. ఆ లేసుకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. గుర్తింపు సరుకుకు వచ్చింది.

తీరిక అన్న మాట ఇక్కడ ఎంత చిత్రంగా పనిచేస్తున్నదో గమనించవచ్చు. గ్రంథాలయపు చెట్టుకు తొడుగు అల్లే పాశ్చాత్య మహిళ గంటలు లెక్కపెట్టదు, ఎందుకంటే లెక్కపెట్టవలసిన అవసరం ఆమెకు లేదు. నరసాపురం స్త్రీ గంటలను ఎవరూ లెక్కపెట్టలేదు, ఎందుకంటే లెక్కపెట్టితే కూలి ఇవ్వవలసివచ్చేది. సూది ఒకటే, నూలు ఒకటే, వేళ్ళు తిరిగే తీరు ఒకటే. మొదటిది కళ అని పత్రికలకెక్కింది, రెండవది బల్లగుడ్డ అయి తెలియని దేశంలో టీ కప్పుల కిందికి చేరింది. ఇందులో మొదటి స్త్రీ తప్పేమీ లేదు. ఆమె కానుక నిజమైన కానుకే. ఆమె మానివేయగలదు. అయితే స్త్రీలు చేసే అల్లికను కళగా గౌరవించాలన్న ఆ ఉద్యమపు కోరిక ఇంతటితో ఆగితే అది తీరికగలవారి కోరికగానే మిగిలిపోతుంది.

ప్రతిఫలాపేక్ష లేని శ్రమ అంతా అనుమానించదగినదేనని దీనివల్ల తేలదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిననాటినుంచి అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు ఊరూరా తిరిగి నెలకొల్పిన గ్రంథాలయాలు జీతం లేని శ్రమ ఫలితాలే. 1935లో పాతూరి నాగభూషణంగారు కాలువలో పడవమీద పుస్తకాలు పంపించారు. పుస్తకాలకు పడవ వెదకినవాడు చేసిన పనికీ చెట్టుకు చొక్కా తొడిగినవాడు చేసిన పనికీ అంతరం ఉందని, మొదటిది అవసరం, రెండవది ఆడంబరం అని ఒక వాదం వినిపిస్తుంది. ఈ వాదం కొంత మొరటుది. బస్తర్ మురియా యువకుడు ఘోటుల్‌లోని ప్రియురాలికోసం చెక్కే దువ్వెన తల దువ్వడానికి మాత్రమే అయితే దానిపై అన్ని గీతలు అనవసరం. వెరియర్ ఎల్విన్ ఆ దువ్వెనలను ఎంత శ్రద్ధగా నమోదు చేశాడో ఆయన గ్రంథాలు చూసినవారికి తెలుసు. అవసరానికి మించి ఇచ్చినదానిలోనే ఇచ్చినవారి మనసు కనిపిస్తుంది.

జగదల్‌పూర్‌లోని జిల్లా గ్రంథాలయం హిందీ, హల్బీ, భత్రీ భాషలలో రాసిన లాలా జగదల్‌పురీ పేరుమీద ఉంది. అక్కడి కమ్మీలకు రేపు ఎవరైనా నూలు చుట్టదలిస్తే దిగుమతి ఉన్ని వెదకనక్కరలేదు. తొగరు రంగు నూలు కోట్‌పాడ్‌లోనే ఉంది. కాని నెల రోజులు రంగు పట్టించిన ఆ నూలును వానలో తడిసి వెలిసిపోవడానికి ఇచ్చే ఐశ్వర్యం నేతగానికి లేదు. ఇవ్వమని అడిగినవారు వెల చెల్లిస్తారా? పాడైన తరువాత విప్పేది ఎవరు? ఆ మెట్లమీద కూర్చుని చదువుకునే పిల్లలలో నేతగాళ్ళ పిల్లలు ఎందరు? ఇవన్నీ అడిగి, జవాబులు విని, అప్పుడు చుట్టితే ఆ కమ్మీ చూడముచ్చటగానే ఉంటుంది.

కాచిన్ దేవి గుడిలో నిరుటి అనుమతి ఈ ఏటికి చెల్లదు. బాలిక పెద్దదైతే మరొక బాలిక వస్తుంది, రాజవంశీయుడు మళ్ళీ వెళ్ళి అడుగుతాడు. అది అమావాస్య, ఆకాశంలో చంద్రుడు ఉండడు. నాలుగు చక్రాల పూలరథం మొదటిసారి వీధిలోకి కదిలేది ఆశ్వయుజ శుద్ధ విదియనాడు. సన్నని నెలవంక కింద కొత్తగా పేనిన అడ్డతీగ నార తాళ్ళు బిగుసుకుంటాయి.