ఎండమావికి అవతలి జింక

ఛాయాచిత్రంలో స్పష్టత అంటే వస్తువు అంచులు బిగువుగా ఉండి, ఈకకూ ఈకకూ మధ్య గీత విడివిడిగా కనిపించడమనీ, ఆ గుణం లెన్సులోనే ఉంటుందనీ, లెన్సుకు పెట్టే డబ్బును బట్టి అది పెరుగుతుందనీ నమ్మేవారే ఎక్కువ. కర్నూలు జిల్లా పడమటి అంచున, ఆదోనికీ గుంతకల్లుకూ బళ్ళారికీ నడుమ పరచుకున్న ఆలూరు మైదానం ఈ నమ్మకాన్ని పరీక్షించుకోవడానికి తగిన చోటు. అక్కడ చెట్టూ తక్కువే, చాటూ తక్కువే. చూపు ఎంత దూరం పోతే అంత దూరం నల్లరేగడిలో శనగ, పత్తి చేలూ, మధ్యమధ్య ఎర్రనేల బీళ్ళూ, ఈమధ్య వాటి మీద లేచిన గాలిమరలూ ఉంటాయి. కృష్ణజింకను కనిపెట్టడానికి ఆ నేల మీద ఎవరూ పెద్దగా కష్టపడనక్కరలేదు. కంటికి ఆనిన జింకను అంతే తేటగా చిత్రంలోకి తేవడమే కష్టం, ఆ కష్టానికి కారణాలు వెతుకుతూ పోతే స్పష్టత అసలు ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్న తగులుతుంది.

మొదటి కారణం గాలి. ముదురు రంగు నేల ఎండను ఎక్కువగా పీల్చుకుంటుంది కనుక, చలికాలంలో సైతం పొద్దు బారెడెక్కగానే రేగడి మీది గాలి వేడెక్కి, చల్లని గాలిలో కలగలుస్తూ, నిలకడ లేకుండా పైకి లేస్తుంటుంది. వేడి గాలి పలచన, చల్లగాలి చిక్కన. వెలుగు ఒక చిక్కదనం నుంచి మరొక చిక్కదనంలోకి పోయేటప్పుడు కొద్దిగా వంగుతుంది, దీనినే వక్రీభవనం అంటారు. రెండు వందల మీటర్ల అవతల నిలబడిన జింక నుంచి బయలుదేరిన వెలుగు ఇలాంటి వంకరలు లెక్కలేనన్ని తిరిగి కెమెరాను చేరుతుంది కాబట్టి, దాని కొమ్ముల మెలికలు నీటి అడుగున ఉన్నట్టు అల్లాడతాయి, గిట్టలు నేలను వదిలి తేలినట్టుంటాయి, కంటి చుట్టూ ఉండే తెల్లని వలయం ముఖంలో కలిసిపోతుంది. దూరాన రోడ్డు మీద నీళ్ళలా మెరిసే ఎండమావీ, చిత్రంలో జింక వెంట్రుకలను చెరిపేసే ఈ అల్లాటమూ ఒకే కారణానికి రెండు రూపాలు. లెన్సు పొడవు పెంచితే జింకతోపాటు అల్లాటమూ పెద్దదవుతుంది. షట్టర్ వేగం, అంటే కెమెరా తెర తెరుచుకుని ఉండే వ్యవధి, సెకనులో 4000వ వంతుకు తగ్గించినా, వంగిన వెలుగు వంగినట్టే పట్టుబడుతుంది తప్ప సరి కాదు. వరుసగా ఎన్నో చిత్రాలు తీస్తే గాలి లిప్తకాలం కుదుటపడినప్పుడు దొరికినవి ఒకటో రెండో మిగిలినవాటికన్నా నయంగా ఉండవచ్చు, అంతకు మించి పరికరం చేయగలిగింది లేదు.

వేదాంతులు భ్రమను రెండు తెగలు చేశారు. తాడును చూసి పామనుకున్నవాడి ముందుకు దీపం తెస్తే పాము పోతుంది, మళ్ళీ రాదు. ఇది నిరుపాధిక భ్రమ. మందారం పక్కన పెట్టిన స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది, ఆ ఎరుపు పువ్వుదేనని తెలిసిన తరువాత కూడా పువ్వును తీసేదాకా ఎర్రగానే కనిపిస్తుంది. ఇది సోపాధిక భ్రమ, ఇక్కడ ఉపాధి అంటే దగ్గర ఉండి తన గుణాన్ని మరొకదానికి అంటించేది. ఎండమావి ఈ రెండో తెగలో చేరుతుంది. అక్కడ నీరు లేదని తెలిసినవాడికి కూడా నీరు కనిపిస్తూనే ఉంటుంది, తెలివి అతన్ని అటు పరుగెత్తకుండా ఆపగలదు గాని, కనిపించడాన్ని ఆపలేదు. కెమెరా ఈ చర్చలోకి వచ్చి ఒక కొత్త సాక్ష్యం చెబుతుంది: అది నీరని తీర్మానించదు, దానికి దాహమూ లేదు, అయినా మనిషి చూసిన మెరుపునే అదీ పట్టుకుంటుంది. దోషం చూసేవాడి మనసులో కాక నడుమనున్న గాలిలో ఉన్నదనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు. ఉపాధి తొలగితే గాని భ్రమ తొలగదన్న పాత సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. గాలిని తొలగించడం ఎవరివల్లా కాదు కనుక, దాని నిడివిని తగ్గించుకోవాలి, లేదా అది కుదుటపడే వేళను కనిపెట్టాలి.

వేళ సంగతి తేలిక. వెలుగు రేకలు విచ్చుకున్నప్పటి నుంచి ఎండ చురుక్కుమనే దాకా నేలా గాలీ దాదాపు ఒకే వేడిమిలో ఉంటాయి, ముసురు పట్టిన రోజున ఆ గడువు మరింత సాగుతుంది. అప్పుడు వెలుగు చాలదు కాబట్టి కెమెరా సున్నితత్వాన్ని, అంటే ఐఎస్‌ఓ అంకెను, పెంచవలసి వస్తుంది, పెంచితే చిత్రం గరుకుగా, రవ్వరవ్వగా వస్తుంది. ఆ గరుకును చూసి జంకి ఎండ కోసం కాచుకోవడం తెలివి తక్కువ పని. గరుకును తరువాత కంప్యూటర్‌లో కొంత నునుపు చేయవచ్చు, గాలి చెరిపినదాన్ని తిరిగి రాసే కంప్యూటర్ లేదు. ఏసీ వేసిన కారులో వచ్చి అద్దం దించి లెన్సు బయటపెట్టేవారు లోపలి చల్లగాలినీ బయటి వడగాలినీ లెన్సు మూతి దగ్గరే కలిపి, తమ ఎండమావిని తామే వెంట తెచ్చుకుంటారు. ఆషాఢపు గాలికి నిలువెత్తు ముక్కాలిపీట వణుకుతుంది గనుక లెన్సును నేలకు దించి గుడ్డసంచి మీద ఆనించడం మేలు, ఆ సంచిలో ఇసుక కన్నా కొర్రలు మంచివి: మోయడానికి తేలిక, బరువు పడగానే గింజలు పక్కలకు జరిగి లెన్సు గొట్టం కిందికి తొట్టిలా ఒదిగి, పడుకున్న మనిషి ఊపిరికి కూడా కదలకుండా పట్టుకుంటాయి.

దూరం సంగతి అంత తేలిక కాదు, ఎందుకంటే దూరాన్ని నిర్ణయించేది చిత్రకారుడు కాదు. మనిషి ఎంత దగ్గరికి వస్తే జంతువు పారిపోతుందో ఆ హద్దుకు పలాయన దూరమని పేరు. ఈ భావనను 20వ శతాబ్దంలో స్థిరపరచినవాడు స్విట్జర్లాండ్ జంతుశాస్త్రవేత్త హైనీ హెడిగర్. ఈ దూరం జాతికి ఒకటిగా రాసిపెట్టిన కొలత కాదు, ఎదుటివాడు ఎవరన్నదాన్ని బట్టి మారుతుంది. గొర్రెల మందను తోలుకుంటూ, అరుస్తూ, దగ్గుతూ పోయే కురువవాళ్ళకు జింకలు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడతాయి. అదే దారిన ఆకుపచ్చ మచ్చల బట్టలు కట్టుకుని, వంగి వంగి, ఆగి ఆగి వచ్చే మనిషిని చూడగానే మంద మొత్తం చెంగుచెంగున లేస్తుంది. వంగి వచ్చేవాడు వేటగాడని వాటి జ్ఞాపకం. పూర్వం వేటగాళ్ళు ఎద్దులబండి చాటున కృష్ణజింకలను సమీపించేవారన్న సంగతి ఈ లెక్కకు రెండో వైపు: రోజూ చూసే వస్తువుకు అవి ఇచ్చే చనువును వాళ్ళు దొంగిలించారు. ఇప్పుడు కెమెరా పట్టినవారిలోనూ కొందరు అదే బండిని వెతుకుతున్నారు, అది దొరకనివారు మోటార్ సైకిల్ మీద తరిమి, పరుగును చిత్రం తీస్తున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో కృష్ణజింక ఉన్నది, ఆ చట్టంలో వేట అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోకి తరమడం కూడా వస్తుంది. చట్టం మాట అటుంచినా, తరిమి తీసిన చిత్రం తరిమినట్టే ఉంటుంది, చెవులు వెనక్కి వాలి కన్ను పక్కకు తిరిగిన జింకలో ప్రతి వెంట్రుకా లెక్కపెట్టగలిగినా, అక్కడ స్పష్టంగా పడింది భయమే.

ఆలూరుకు పడమట, బళ్ళారికి అవతల ఉన్న సండూరులో 1940లలో సంస్థానపు కొలువులో ఉన్న ఎం. కృష్ణన్ (1912–1996) తరువాత దేశంలోని ప్రముఖ ప్రకృతి రచయితల్లో ఒకడైనాడు, నలుపు తెలుపుల్లోనే చిత్రాలు తీశాడు, వేర్వేరు పరికరాల భాగాలను కూర్చుకున్న ఒక కెమెరాకు సూపర్ పాండెరోసా అని వేళాకోళపు పేరు పెట్టాడు. జంతువు కంటిని తనంత తానే పట్టుకునే ఫోకస్ ఆయన కాలానికి లేదు. జంతువు ఎటు తిరుగుతుందో, ఎప్పుడు ఆగుతుందో ముందుగా తెలిసి ఉంటే తప్ప ఆనాటి కెమెరాతో పని జరగదు, ఆ తెలివిడి ఏ అంగడిలోనూ దొరకదు. నేటి కెమెరా ఆ తెలివిడి లేకుండానే కంటిని పట్టుకుంటుంది. అది సౌకర్యమే, కాని సౌకర్యం వచ్చిన తరువాత జంతువును చదివే ఓపిక సన్నగిల్లిందన్నది కూడా నిజమే.

దగ్గరికి చేరనిచ్చిన తరువాత మరొక చిక్కు మొదలవుతుంది. లెన్సులోని రంధ్రాన్ని, అంటే ఎపర్చర్‌ను, ఎంత వెడల్పుగా తెరిస్తే అంత వెలుగు వస్తుంది, అంత పలచని పొర మాత్రమే స్పష్టంగా ఉంటుంది. దాని ముందూ వెనుకా ఉన్నదంతా మసకబారుతుంది. 600 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్4 వద్ద తెరిచి 10 మీటర్ల దూరాన ఉన్న పాలపిట్టను చూస్తే, స్పష్టంగా ఉండే పొర మందం ఆరేడు సెంటీమీటర్లు. ముక్కుకొన నుంచి తోకకొన దాకా ముప్పై సెంటీమీటర్లుండే పిట్ట తల చిత్రకారుడి వైపు తిప్పి కూర్చుంటే, కంటికి కుదిరిన స్పష్టత తోక దాకా రాదు. నిపుణులు దీన్ని లోపంగా కాక సొగసుగా వాడుకుంటారు, వెనుకనున్న కంపనూ కరెంటు తీగనూ గాలిమరనూ కరిగించి ఒకే రంగు తెరగా మారుస్తారు. ఈ సొగసు మీద ఒక అనుమానం పెట్టుకోక తప్పదు. ఆలూరు, ఆస్పరి, చిప్పగిరి వైపు కృష్ణజింక నిలబడేది అడవిలో కాదు, రైతు చేలో. మొలకెత్తిన శనగనూ వేరుశనగనూ మంద ఒక రాత్రిలో కొరికిపోతే మళ్ళీ విత్తనం కొనవలసినవాడు రైతు, రాత్రుళ్ళు కావలి కూర్చునేదీ అతడే. వెనుకనున్న పొలం పసుపు మబ్బులా కరిగిన చిత్రంలో జింక ఎవరి పైరులో నిలబడిందో తెలియదు, రైతు ఉన్నాడన్న జాడే ఉండదు. జింక కంటిరెప్పను లెక్కపెట్టించే స్పష్టత ఇక్కడ పొలాన్ని దాచే పని చేస్తుంది. ఎపర్చర్‌ను ఎఫ్11 దాకా మూసి, వెనుక చాళ్ళూ, మంచె మీది మనిషీ ఆనేటట్టు తీసిన చిత్రం అందంలో ఒక మెట్టు తగ్గవచ్చు, ఆ నేలను గురించి మాత్రం ఎక్కువ చెబుతుంది.

నందికొట్కూరు వైపు, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్ళపాడు పలాయన దూరం సంగతిని మరింత కటువుగా చూపిస్తుంది. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ ఆరు వందల హెక్టార్ల పైచిలుకు గడ్డినేలను అభయారణ్యం చేశారు. మగపక్షి మీటరు ఎత్తున నిలిచి, 15 కిలోల దాకా తూగుతుంది, ఆడది నేల మీద సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది, బెదిరి లేచిందంటే ఆ గుడ్డు ఎండకూ కాకులకూ వదిలినట్టే. అంటే గూటి దగ్గర పలాయన దూరాన్ని దాటి ఒక్క అడుగు వేసినా దాని ఖరీదు ఆ ఏటి సంతానమంతా. దేశంలో ఈ పక్షులు ఇప్పుడు రెండు వందలు కూడా లేవు, రోళ్ళపాడులో కృష్ణజింకలు పెరిగాయి గాని బట్టమేక కనుమరుగైంది. దానికి కారణం కెమెరాలని ఎవరూ అనరు, పొలాలూ కాలువలూ కరెంటు తీగలూ చాలు. చలికాలం సాయంత్రాల్లో మధ్య ఆసియా నుంచి వలస వచ్చిన పిల్లిగద్దలు మాత్రం అక్కడి గడ్డిలో రాత్రి మకాముకు గుంపుగా దిగుతాయి. దిగే వేళకు వెలుగు చాలదు, రెక్కను నిలబెట్టాలంటే సెకనులో 2000వ వంతు కావాలి, దొరికేది 200వ వంతు. అందుచేత తెలిసినవారు రెక్కను వదిలేసి, కెమెరాను పక్షితోపాటు తిప్పుతూ తలను మాత్రం నిలబెట్టుకుంటారు, రెక్కలు గీతలుగా సాగినా గద్ద గద్దలాగే ఉంటుంది.

ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకుపోయిన పని కడప జిల్లాలో జరిగింది. 1848లో శాస్త్రలోకానికి తెలిసి, 1900 తరువాత ఎవరికీ కనబడక, లేదనుకున్న కలివికోడిని 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ స్థానికుల సాయంతో సిద్ధవటం దగ్గరి కంపపొదల్లో తిరిగి కనుగొన్నారు. రాత్రి తిరిగే పక్షి, పగలు పొద నీడతో కలిసిపోతుంది, దాని దగ్గర మనిషి కూర్చుని లాభం లేదు. అందుచేత పి. జగన్నాథన్, ఆయన తోటి పరిశోధకులు మనిషినే నడుమ నుంచి తీసేశారు: పొదల మధ్య నేలను మెత్తగా చేసి పట్టీలుగా పరిచి, తెల్లవారి వాటి మీది అడుగుజాడలు చదివారు, పక్షి అడ్డం వచ్చినప్పుడు తనంత తానే పనిచేసే కెమెరాలను కాపు పెట్టారు. పలాయన దూరమన్న సమస్య అక్కడ లేదు, గాలి నిడివి రెండు మూడు మీటర్లు. ఇలాంటి కెమెరాకు చిక్కే పక్షి తరచు అంచున ఉంటుంది, లేదా వీపు తిప్పి ఉంటుంది, పోటీకి పంపితే మొదటి వడపోతలోనే పోతుంది. కాని పొదలు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నచోట కలివికోడి తిరుగుతుందో, ఏ చోట్లను వదిలేస్తుందో ఆ జాడల వల్లనే తేలింది, తెలుగుగంగ కాలువ దాని నివాసాన్ని చీల్చుకుంటూ పోనున్నదని తెలిసినప్పుడు చూపడానికి ఆ లెక్కలు చేతిలో ఉన్నాయి, వాదోపవాదాల తరువాత కాలువను పక్కకు జరిపి తవ్వారు.