ఊరికే పొందినది



2025 ఆగస్టు 15 మొదలుకొని మన రాష్ట్రములో స్త్రీశక్తి పథకము క్రింద స్త్రీలు పల్లెవెలుగు బస్సులలో చార్జీ ఇయ్యకుండ ప్రయాణము చేయుచున్నారు. మహానందినుండి నంద్యాలకు కూలికి పోవు మన సంఘపు సహోదరి యొకతె ఒకనాడు బస్సులో కూర్చుండగా, ప్రయాణికుడొకడు, “ఫ్రీగా వచ్చేవాళ్లకు సీటు గూడానా?” అనెను. ఆమె లేచి నంద్యాలదాక నిలువబడియే పోయెను. ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఆమె మమ్మును అడిగెను: “అయ్యగారూ, ఊరికే తీసుకునేది తప్పా?” మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి.

‘ఫ్రీ’ అను ఇంగ్లీషు మాట ఇప్పుడు చదువురానివారి నోటను ఉన్నది. ఒక సబ్బు కొన్న ఇంకొకటి ఫ్రీ అనగా వెల లేదని అర్థము. “సాయంత్రం ఫ్రీగా ఉన్నారా?” అనగా తీరిక. “ఫ్రీగా మాట్లాడు” అనగా జంకులేకుండ. “చక్రం ఫ్రీగా తిరుగుతాంది” అనగా అడ్డులేకుండ. “వాడిప్పుడు ఫ్రీ” అనగా అప్పో కేసో తీరి విడుదల పొందెనని. వెల లేనిదానికిని, దాసుడు కానివానికిని ఇంగ్లీషువారికి ఒకే మాట చాలును. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలో ఇవి రెండు వేరు మాటలు. వెల లేకుండ అనుటకు దోరెయాన్ అనియు, స్వతంత్రుడనుటకు ఎలెఉథెరొస్ అనియు అందురు.

ఈ దోరెయాన్‌కు మన పల్లెమాటయైన ‘ఊరికే’ చక్కగా అతుకును. ఊరికే ఇచ్చినాడనగా వెల లేకుండ. ఊరికే కొట్టినాడనగా కారణము లేకుండ. కష్టమంతా ఊరికే పోయెననగా వ్యర్థముగా. గ్రీకు మాటకును ఈ మూడు అర్థములున్నవి. రోమా 3:24లో మనము నీతిమంతులుగా తీర్చబడినది ఊరికే. యోహాను 15:25లో లోకము ప్రభువును ద్వేషించినది ఊరికే. గలతీ 2:21లో, ధర్మశాస్త్రమువలననే నీతి కలుగునట్లయిన క్రీస్తు మరణము ఊరికే పోయినట్లే. మన తెలుగు బైబిలులో ఉచితముగా, నిర్హేతుకముగా, నిష్ప్రయోజనము అని మూడు మాటలు వేయబడినవి గనుక ఈ సంబంధము మనకు కనబడదు. ఊరికే పొందినదానిని ఊరికే పోనిచ్చుకొనుట ఎంత సులభమో ఆ ఒక్క మాటయే చెప్పుచున్నది.

సహోదరి అడిగిన ప్రశ్నకు వత్తము. మనకు ఊరికే వచ్చినది మరియొకరికి ఊరికే రాలేదు. ఆ బస్సు ఖర్చు ప్రభుత్వ ఖజానా భరించవలెను. ఆ ఖజానాలో ఆమె సబ్బు కొన్నప్పుడు కట్టిన పన్నును ఉన్నది. ఆమె తల వంచుకొననక్కరలేదు. ఆమెను లేపినవాడు మాత్రము అన్నిటికిని వెల ఇచ్చి బ్రదుకుచున్నాడా? నల్లమల అడుగున పుట్టిన ఊట మహానంది కోనేళ్లు నింపి అరటితోటలకు పారుచున్నది. ఆ ఊటకు ఏ రైతు వెల కట్టెను? ఎండయు వానయు తల్లిపాలును అట్టివే. ఊరికే పొందనివాడు భూమిమీద ఒక్కడును లేడు.

తప్పు పుచ్చుకొనుటలో లేదు, గుంజుకొనుటలో నున్నది. పొరుగువానిచేత కూలి ఇయ్యక పని చేయించుకొని నగరు కట్టుకొన్న యెహోయాకీము రాజునకు యిర్మీయా 22:13లో శ్రమ చెప్పబడెను. మన దేశములో 1976 సంవత్సరపు చట్టము వెట్టిచాకిరిని రద్దుచేసెను. అప్పునకు కట్టుబడి ఫ్రీగా పనిచేసినవాడు ఫ్రీ మనిషి కాడు.

ఇక మా సంగతి. సహోదరికి మేము వెంటనే జవాబు చెప్పలేకపోయిన కారణమిది. ఆమె భర్త బేల్దారి. వేసవిలో గుడి ప్రహరీ కూలినప్పుడు, “దేవుని పనే గదా” అని మేమే ఆయనచేత మూడు దినములు ఫ్రీగా పని చేయించితిమి. సిమెంటుకును ఇసుకకును లెక్కగా సొమ్మిచ్చితిమి. కూలి మాత్రము ఇయ్యలేదు. ఆయన కాదనలేదు. కాదనుటకు ఆయనకు స్వాతంత్ర్యమున్నదా అని మేము తలంచలేదు. మనస్సుతో ఇచ్చినదే కానుక. కాదనలేక ఇచ్చినది వెట్టి.

ఆ సాయంకాలమే మూడు దినముల కూలి తీసికొని వారి యింటికి పోతిమి. ఆయన లెక్కపెట్టుకొని, “ముందే ఇచ్చింటే బాగుండు అయ్యగారూ, అప్పుడు అప్పు చేస్తిమి” అనెను. మేము క్షమాపణ అడిగి తిరిగి వచ్చితిమి.

ప్రియులారా, ఊరికే పొందితిరి గనుక ఊరికే ఇయ్యుడని ప్రభువు మత్తయి 10:8లో శిష్యులకు చెప్పెను. ఆ ఆజ్ఞ మన చేతులకే గాని పొరుగువాని జేబునకు కాదు. ఈ నెలలో ఎవని కష్టమైనను మనయొద్ద ఊరికే నిలిచియున్నదేమో ప్రతి ఇంటివారును చూచుకొందుము గాక. ఆ సహోదరి బస్సులో కూర్చుండియే పోవును గాక. ఆమేన్.