కలలో మెలకువ



నిద్రించువాడు కల సాగుచుండగానే “ఇది కల” అని తెలిసికొనుట కలదు. కొందరు ఆ కలను తమ ఇష్టము చొప్పున త్రిప్పుకొనగలరు కూడ. ఇంగ్లీషులో దీనిని లూసిడ్ డ్రీమ్ అందురు. హాలండు దేశపు మానసిక వైద్యుడైన ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లో తన కలలను గూర్చి వ్రాసిన వ్యాసముతో ఆ పేరు వ్యాపించెను. 1975లో ఇంగ్లండులోని హల్ పట్టణమందు కీత్ హెర్న్ అను పరిశోధకుడు దీనికి రుజువు కనుగొనెను. కలలు దట్టముగా వచ్చు నిద్రలో కాలుసేతులు కదలవు గాని కనుగ్రుడ్లు కదలును. అందుచేత ముందు చేసికొన్న ఒప్పందము ప్రకారము, నిద్రించువాడు కలలోనుండియే కన్నులను కుడియెడమలకు త్రిప్పి గురుతు పంపగా యంత్రము దానిని గీసెను. గనుక ఇది మంత్రము కాదు, దయ్యపు పనియు కాదు. సగముకంటె ఎక్కువమంది జీవితములో ఒక్కసారియైన ఇట్టి కల కనియుందురని 2016లో పూర్వపు పరిశోధనలన్నియు కూర్చి చూచినవారు తేల్చిరి. తనంతట వచ్చిన కలకు ఎవరును భయపడనక్కరలేదు.

అయితే దీనిని పట్టుబట్టి నేర్చుకొనుట వేరు. ఫోను చేతనున్న యౌవనస్థునికి నేర్పువారు నేడు కొదువ లేరు. ఆ యౌవనస్థుడు మనోవ్యాధికి మాత్రలు మ్రింగుచున్నవాడైతే ఏమి? వానికిని ఇది నేర్పదగునా?

నేర్చుకొను విధము చూడుడి. పగటివేళ మాటిమాటికి ఆగి, అరచేతులు చూచుకొని, “నేను మేల్కొనియున్నానా, కలలోనున్నానా?” అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. రాత్రి అయిదు గంటలు నిద్రించిన పిమ్మట అలారముతో లేచి, కొంతసేపు మెలకువగానుండి, కలలో తెలివి కలుగవలెనని తలంచుచు మరల పండుకొనవలెను. ఆరోగ్యవంతునికి ఇది కొంత నిద్ర చెడగొట్టుకొను ఆటయే. కాని చెవిలో గొంతులు వినబడువాని సంగతి యోచించుడి. ఉన్నదానికిని తోచినదానికిని నడుమనున్న గట్టు తెగుటయే వాని బాధ. వైద్యుడు ఆ గట్టు వేయుచుండగా, ఇది దానిని గంటగంటకు త్రవ్వి చూడుమనుచున్నది. పేతురును దూత చెరసాలనుండి నడిపించినప్పుడు అతడు జరుగుచున్నది నిజమని ఎరుగక దర్శనమనుకొనెను. వీధి దాటిన తరువాత గాని తెలివి తెచ్చుకొనలేదు. అతనికది ఒక వీధి దూరమే. ఈ రోగికి ఆ వీధి ఏండ్ల తరబడి సాగవచ్చును.

బైపోలార్ జబ్బున్నవారికి మరియొక గండము. నిద్ర తగ్గుటయే వారిలో ఉన్మాదపు పొంగును రేపగలదు. వారి యెడల ఆ అలారము చిన్న సంగతి కాదు. (తెల్లవారులు జరుగు మన ప్రార్థన కూటములలో అట్టివారిని కూర్చుండబెట్టుటయు ఈ లెక్కలోనికే వచ్చును. బదరీవృక్షము క్రింద చావు కోరుకొన్న ఏలీయాకు మొదట దొరికినవి నిద్రయు రొట్టెయు నీళ్లును, గద్దింపు కాదు.)

2016లో బ్రెజిల్ దేశపు పరిశోధకులు మతి చలించిన రోగుల కలలను పరిశీలించి, అట్టివారికి ఈ అభ్యాసము తగదని అభిప్రాయపడిరి. 2018లో ఇశ్రాయేలు దేశపు విద్యార్థులను రెండు నెలల యెడముతో ప్రశ్నించినవారికి, ఇట్టి కలలు తరచుగా వచ్చుటకును మనోబాధకును సంబంధము కానరాలేదు గాని, కావలెనని సాధనచేసినవారిలో తాము తమకే పరాయివారైనట్లు తోచుట మొదలగు లక్షణములు పెరిగినట్లు కనబడెను. అనగా అనుమానము కల మీద కాదు, సాధన మీద. ఇంకను కొందరు మతిమరపు జబ్బుకిచ్చు గాలంటమైన్ అను మందును దీనికొరకు మ్రింగుదురు. మనోవ్యాధి మాత్రలతో వైద్యుని అడుగక దానిని కలుపుట తెలివితక్కువ.

“ఎవని కల వానిది, మీకేల?” అనువారున్నారు. ఆ మాటలో కొంత న్యాయమున్నది. ఉప్పెనలో బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ప్రతి రాత్రియు ఆ నీళ్లనే చూచుచున్నదనుకొనుడి. కలలోనే “ఇది కల” అని తెలిసి ఆమె ఒడ్డు చేరగలిగితే మనమెట్లు కాదనగలము? అమెరికా నిద్రా వైద్య సంఘము 2018లో పీడకలల చికిత్సలను ఎంచినప్పుడు దీనిని వాడదగినవాటిలో చేర్చెను. అయినను పీడకలల జబ్బుకు వారు గట్టిగా సిఫారసు చేసినది మరియొకటి: పగటివేళ ఆ పీడకలను వ్రాసికొని, దాని ముగింపు మార్చి, ఆ క్రొత్త కథను మనస్సులో దినదినము నడిపించుకొనుట. దీనికి అలారముతో పనిలేదు, రాత్రి నిద్ర చెడదు. ఆ తల్లికి మొదట ఇదియే చెప్పుదును.

గొంతులు వినబడువానికిని బైపోలార్ ఉన్నవానికిని మాత్రము ఈ సాధన వద్దనియే చెప్పుదును. విగ్రహములకు అర్పించిన మాంసము విషయములో పౌలు చూచినది తినువాని స్వాతంత్ర్యమును మాత్రమే కాదు, ప్రక్కన కూర్చున్నవానిని కూడ. అయితే ఫోను లాగికొని గద్దించుట పౌలు మార్గము కాదు. రోగి పసిబిడ్డ కాడు. తన జబ్బు తిరుగబెట్టు గురుతులు అతనికే ముందు తెలియును. కారణము చెప్పి, రాత్రి ఎన్ని గంటలు నిద్రపట్టినదని అడుగుడి. ఇదివరకే మొదలుపెట్టి, పగలు కూడ కలవలె తోచుచున్నదనిన యెడల సాధన ఆపించి, మాత్రలు ఆపనీయక, వైద్యునియొద్దకు తోడుగా వెళ్లుడి. ఆస్పత్రి దూరమైతే 14416 నంబరునకు ఫోను చేయవచ్చును. ప్రభుత్వము 2022లో పెట్టిన టెలి మానస్ అది. రాత్రింబగళ్లు పలుకుదురు, తెలుగులో మాటలాడవచ్చును, రుసుము లేదు.