కప్పు లేని చర్చి

ఫిలిప్పీన్స్‌లో కామిగిన్ అని ఓ చిన్న ద్వీపం ఉంది. అన్నీ అగ్నిపర్వతాలే. అక్కడి బోన్‌బోన్ గ్రామంలో స్పానిష్ పాలకుల కాలంనాటి గియోబ్ చర్చి గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. పైకప్పు లేదు. లోపలంతా పచ్చగడ్డి.

గోడ దగ్గరికెళ్లి చెయ్యి ఆనించాను. పగడపురాయి. పగడమంటే మనకు ఉంగరంలో ఎర్రరాయే గుర్తొస్తుంది కదూ! ఇది అది కాదు. సముద్రంలోంచి తీసిన గరుకు రాయి. వేళ్లకు చిన్న చిన్న గుంతలు తగిలాయి, వాటి నిండా నాచు, తడి.

1871లో పక్కనే వల్కన్ అగ్నిపర్వతం పుట్టుకొచ్చింది. నాలుగేళ్లపాటు రగులుతూనే ఉంది. చర్చి చుట్టూ ఉన్న అప్పటి ఊరు పోయింది, జనం వేరేచోటికి తరలిపోయారు. ఊరి శ్మశానమైతే ఏకంగా సముద్రంలోకి కుంగిపోయింది! ఆ చోటికి గుర్తుగా 1982లో నీళ్లలో పెద్ద శిలువ నిలబెట్టారు. ఇప్పుడు పర్యాటకులు ఈత కళ్లద్దాలు పెట్టుకుని అక్కడే ఈదుతారు. నాకెందుకో దిగబుద్ధి కాలేదు. ఒడ్డునే కూర్చున్నాను. నీళ్ల కింద, ఆ పాత సమాధుల చుట్టూ మళ్లీ పగడాలు పెరుగుతున్నాయట.